పైనున్న క్లిప్పే కనిపిస్తోంది, కింది లేయర్లను ప్రివ్యూలో చూడటం ఎలా?

ప్రశ్న: పాఠాలు చెప్పే వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. అడుగు ట్రాక్‌లో స్క్రీన్ రికార్డింగ్, దాని పైన నేను మాట్లాడుతున్న కెమెరా వీడియో, అన్నిటికన్నా పైన లోగో పెడతాను. కెమెరా క్లిప్ పెట్టగానే స్క్రీన్ రికార్డింగ్ మాయమవుతోంది. చిన్నది చేసి మూలకు జరిపితే రెండూ కనిపిస్తున్నాయి గానీ, ప్లే చేస్తే బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. మాట రెండుసార్లు వినిపిస్తున్నట్టుంది, పెదాల కదలికతో కలిసిందో లేదో తేలడం లేదు. లోగో చుట్టూ సన్నగా నల్ల అంచు కనిపిస్తోంది. పైగా ఈమధ్య ఎక్స్‌పోర్ట్ చేసిన వీడియోలో లోగో అసలు రానే లేదు. ఎక్కువగా ప్రీమియర్ ప్రో, అప్పుడప్పుడు డావిన్చి రిజాల్వ్, కేడెన్‌లైవ్ వాడతాను. రెండు మూడు ట్రాకుల్లో ఉన్నవాటిని సరిగ్గా ప్రివ్యూ చూసుకునే పద్ధతి చెప్పగలరా?

జవాబు: మీరు రాసిన ఇబ్బందుల్లో దేని కారణం దానిదే. మీరేమో అన్నిటినీ ఒకేసారి, టైమ్‌లైన్ మొత్తం ప్లే చేసి తేల్చుకోవాలని చూస్తున్నారు. చిక్కంతా అక్కడే ఉంది. క్లిప్ ఎక్కడ కూర్చుందో చూడాలంటే ప్లే చేయక్కర్లేదు, ఆపి చూడాలి. అంచులు చూడాలంటే పూర్తి రిజల్యూషన్‌లో, పెద్దది చేసి చూడాలి. మాటా పెదవీ కలిశాయా అన్నది తేలాలంటే బొమ్మ కాస్త మసకగా ఉన్నా ఫర్వాలేదు, ఒక్క ఫ్రేమ్ కూడా జారిపోకూడదు. ఈ మూడూ ఒకే సెట్టింగ్‌లో కుదిరేవి కావు. అందుకే ముందు ఏం చూడబోతున్నారో తేల్చుకుని, దానికి తగ్గట్టు ప్రివ్యూను మార్చుకోవాలి.

మొదట ఒక చిన్న విషయం. లేయర్లన్నీ కలిసి కనిపించేది ఒకే ఒక్క కిటికీలో. ప్రీమియర్‌లో అది ప్రోగ్రామ్ మానిటర్, రిజాల్వ్ ఎడిట్ పేజీలో కుడివైపున్న టైమ్‌లైన్ వ్యూయర్, కేడెన్‌లైవ్‌లో ప్రాజెక్ట్ మానిటర్. వాటి పక్కనే ఉండే సోర్స్ మానిటర్, క్లిప్ మానిటర్లు మీరు ఎంచుకున్న ఒక్క క్లిప్‌నే చూపిస్తాయి. టైమ్‌లైన్‌లో క్లిప్ మీద డబుల్ క్లిక్ చేస్తే ప్రీమియర్ దాన్ని సోర్స్ మానిటర్‌లో తెరుస్తుంది. అప్పుడు స్పేస్ బార్ నొక్కితే ఆ క్లిప్ ఒక్కటే ఆడుతుంది, మిగతా లేయర్లు పోయాయేమో అనిపిస్తుంది. ఏ ప్యానెల్ చుట్టూ నీలం గీత ఉందో చూసుకోండి, స్పేస్ బార్ దానికే పనిచేస్తుంది. అనుమానం వస్తే ఒకసారి టైమ్‌లైన్ మీద క్లిక్ చేసి ఆ తర్వాత ప్లే చేయండి.

ఇక కింది క్లిప్ మాయమవడం. అది తప్పు కాదు. ఈ మూడు సాఫ్ట్‌వేర్లలోనూ పై ట్రాక్ కింది ట్రాకును కప్పేస్తుంది. మామూలు వీడియోలో పారదర్శకంగా ఉండే భాగమేదీ లేదు కాబట్టి, వీ2 (రెండో వీడియో ట్రాక్) మీద ఫ్రేమ్ నిండా ఉన్న క్లిప్ పెడితే దాని కిందున్న వీ1 కనిపించే వీలే లేదు. కింది బొమ్మ కనిపించాలంటే పై క్లిప్‌లో ఎక్కడో ఖాళీ ఏర్పడాలి. సైజు తగ్గించడం, క్రాప్ చేయడం, ఒపాసిటీ (బొమ్మ గాఢత) తగ్గించడం, మాస్క్ గీసి కొంత భాగమే ఉంచడం, గ్రీన్ స్క్రీన్ తీసేయడం, బ్లెండ్ మోడ్ (పైదీ కిందిదీ కలిసే తీరు) మార్చడం ఇందుకున్న దారులు. మీ పనికి సైజు తగ్గించడమే సరైనది.

మూలకు జరిపేటప్పుడు మౌస్‌తో లాగి అంచనాగా వదిలేయకండి, అంకెలతో పెట్టండి. ఒక్కసారి లెక్క వేసుకుంటే ప్రతి వీడియోలోనూ అదే చోట కూర్చుంటుంది. 1920×1080 టైమ్‌లైన్‌లో, అదే సైజున్న కెమెరా క్లిప్‌ను 30 శాతానికి తగ్గిస్తే 576×324 పిక్సెళ్ల చిన్న బొమ్మ వస్తుంది. కుడి అంచు నుంచి, కింది అంచు నుంచి 40 పిక్సెళ్లు వదలాలనుకుందాం. బొమ్మ మధ్య బిందువు అడ్డంగా 1920 లోంచి 40, మళ్లీ సగం వెడల్పు 288 తీసేస్తే 1592 దగ్గర ఉండాలి. నిలువుగా 1080 లోంచి 40, సగం ఎత్తు 162 తీసేస్తే 878. ప్రీమియర్‌లో ఎఫెక్ట్ కంట్రోల్స్‌లోని పొజిషన్‌లో 1592, 878 అని టైప్ చేయండి, స్కేల్ 30 పెట్టండి. రిజాల్వ్ ఫ్రేమ్ మధ్య నుంచి లెక్కపెడుతుంది, పైకి పోతే ప్లస్, కిందికి పోతే మైనస్. కాబట్టి అక్కడ జూమ్ 0.30, పొజిషన్ ఎక్స్ 632, వై మైనస్ 338. కేడెన్‌లైవ్‌లో ట్రాన్స్‌ఫామ్ ఎఫెక్ట్ వేస్తే పొజిషన్ ఎడమ పై మూల నుంచి లెక్క. అంటే ఎక్స్ 1304, వై 716, సైజు 576×324.

కెమెరా వీడియో 4కే అయితే ప్రీమియర్‌లో ఈ లెక్క మారుతుంది. అక్కడ స్కేల్ 100 అంటే క్లిప్ అసలు పిక్సెళ్లు. 3840×2160 క్లిప్‌ను 1080 టైమ్‌లైన్‌లో 100 దగ్గర వదిలేస్తే మధ్యలోని పావు భాగమే కనిపిస్తుంది, ముఖం మరీ దగ్గరికి వచ్చేసినట్టు ఉంటుంది. ఫ్రేమ్‌కు సరిపడాలంటే 50, పై ఉదాహరణలోని చిన్న బొమ్మ కావాలంటే 15 పెట్టాలి. రిజాల్వ్ మామూలుగా క్లిప్‌ను తనంతట తానే ఫ్రేమ్‌కు సరిపెడుతుంది కాబట్టి అక్కడ 0.30 సరిపోతుంది. ఇదే సమయంలో మానిటర్ కింద జూమ్ ‘ఫిట్’లో ఉందో లేదో చూడండి. అది 100 లోనో 150 లోనో ఉంటే ఫ్రేమ్‌లో ఒక ముక్కే కనిపిస్తుంది. క్లిప్ కత్తిరించుకుపోయిందనుకుని స్కేల్ తగ్గిస్తూ పోతే, బాగున్న లేఅవుట్ మీ చేతుల్లోనే పాడవుతుంది.

చోటు సరిచూసుకోవడానికి కెమెరా క్లిప్ ఒపాసిటీని తాత్కాలికంగా 50 చేయండి. దాని కింద స్క్రీన్ రికార్డింగ్‌లో ఏముందో కనిపిస్తుంది. పాఠాల వీడియోల్లో ఇది చాలా అవసరం. కుడి కింది మూలలోనే చాలా డైలాగ్ బాక్సుల ఓకే, నెక్స్ట్ బటన్లు ఉంటాయి. మీరు ‘ఇప్పుడు ఇక్కడ నొక్కండి’ అంటున్న చోటే మీ ముఖం అడ్డుపడుతుంటే చూసేవాళ్లకు ఆ పాఠం దక్కదు. ప్లే చేయకుండా ప్లేహెడ్‌ను లాగుతూ, కర్సర్ ఆ మూలకు వచ్చిన ప్రతిచోటా ఆపి చూడండి. అడ్డుపడిన చోట కెమెరా క్లిప్‌ను కట్ చేసి, ఆ ముక్కను మాత్రం ఎడమ మూలకు మార్చండి. మెల్లగా జారుతూ వెళ్లే యానిమేషన్ కన్నా సూటిగా కట్ చేయడమే మేలు, చూపు చెదరదు. పని అయ్యాక ఒపాసిటీ తిరిగి 100 చేయడం మరిచిపోవద్దు.

ఏదైనా తేడాగా కనిపిస్తే సెట్టింగుల్లోకి దూకకుండా, ముందు లేయర్లను విడదీసి చూడండి. ప్రీమియర్‌లో ప్రతి వీడియో ట్రాక్ పక్కనా ఉండే కన్ను గుర్తు నొక్కితే ఆ ట్రాక్ మొత్తం ప్రివ్యూ నుంచి తప్పుకుంటుంది. షిఫ్ట్ పట్టుకుని నొక్కితే అన్ని వీడియో ట్రాకులూ ఒకేసారి ఆగుతాయి, ఆ తర్వాత కావలసినది ఒక్కటే వెలిగించుకోవచ్చు. కేడెన్‌లైవ్‌లోనూ ట్రాక్ పక్కన ఇలాంటి గుర్తే ఉంటుంది. రిజాల్వ్‌లో ట్రాక్ హెడర్‌లో ఫిల్మ్ గుర్తు ఉంటుంది. ట్రాక్ మొత్తం కాకుండా ఒక్క క్లిప్‌నే పక్కన పెట్టాలంటే, విండోస్‌లో ప్రీమియర్ అయితే క్లిప్ ఎంచుకుని షిఫ్ట్, ఇ కలిపి నొక్కండి. రిజాల్వ్‌లో డి చాలు. డిలీట్ చేసి చూసి మళ్లీ అన్‌డూ చేయడం కన్నా ఇది ఎంతో భద్రం, ఎందుకంటే క్లిప్ చోటు కదలదు. పై ట్రాక్‌లో అడ్జస్ట్‌మెంట్ లేయర్ (బొమ్మ లేకుండా ఎఫెక్టులు మాత్రమే ఉండే పొర) ఉంటే దాని ప్రభావం కిందున్న అన్నిటి మీదా పడుతుందని గుర్తుంచుకోండి. రంగు మారిన కారణం క్లిప్‌లో వెతికితే దొరకదు, ఒక్కో కన్నూ ఆపుకుంటూ వెళితే క్షణంలో దొరుకుతుంది.

మీ లోగో ఎక్స్‌పోర్ట్‌లో రాకపోవడానికి చాలామటుకు కారణం ఇదే అయి ఉంటుంది. కన్ను ఆపిన ట్రాక్, డిసేబుల్ చేసిన క్లిప్ ప్రివ్యూలోనే కాదు, ఎక్స్‌పోర్ట్‌లోనూ రావు. ప్రివ్యూ తేలికగా ఆడాలని పై ట్రాక్ ఆపేసి, అలాగే ఎక్స్‌పోర్ట్ కొట్టేయడం చాలామందికి జరిగేదే. లోగో మొదట కాసేపు కనిపించి తర్వాత పోయి ఉంటే మాత్రం కారణం వేరు. బొమ్మల ఫైళ్లను టైమ్‌లైన్‌లో వేస్తే సాధారణంగా 5 సెకన్ల నిడివే వస్తుంది, చివరి అంచు పట్టుకుని వీడియో చివరిదాకా లాగాలి. తాళం గుర్తుతో దీనికి సంబంధం లేదు. తాళం వేసిన ట్రాక్ మామూలుగానే కనిపిస్తుంది, మామూలుగానే ఎక్స్‌పోర్ట్ అవుతుంది. నిజానికి లోగో ట్రాక్‌కు తాళం వేసి ఉంచడమే మంచిది.

ఇక బొమ్మ ఆగి ఆగి కదలడం. ఇందులో రెండు వేర్వేరు బరువులున్నాయి, వాటిని కలిపేసుకోవడం వల్లే చాలామంది మందు ఒకచోట, జబ్బు ఒకచోట అన్నట్టు సెట్టింగులు మారుస్తుంటారు.

మొదటి బరువు లేయర్లను కలపడం. 1920×1080 ఫ్రేమ్‌లో ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకత కలిపి 4 బైట్లు అనుకుంటే, ఒక ఫ్రేమ్ దాదాపు 8.3 ఎంబీ. సెకనుకు 30 ఫ్రేములంటే ఒక లేయర్‌కు 249 ఎంబీ, రెండు వీడియో లేయర్లకు దాదాపు 500 ఎంబీ. అదే 4కేలో ఒక్క లేయరే సెకనుకు ఇంచుమించు 1 జీబీ. ప్లేబ్యాక్ రిజల్యూషన్ తగ్గిస్తే తేలికయ్యేది ఈ బరువే. సగానికి తగ్గిస్తే పిక్సెళ్లు నాలుగో వంతు అవుతాయి, పావుకు తగ్గిస్తే పదహారో వంతు. ప్రీమియర్‌లో ప్రోగ్రామ్ మానిటర్ కింద 1/2, 1/4 అని ఉంటాయి. రిజాల్వ్‌లో ప్లేబ్యాక్ మెనూలో హాఫ్, క్వార్టర్. కేడెన్‌లైవ్‌లో మానిటర్ మెనూలోని ప్రివ్యూ రిజల్యూషన్‌లో 720పీ, 540పీ, 360పీ. ఇవి ఎక్స్‌పోర్ట్ నాణ్యతను ఏమీ చేయవు. ప్రీమియర్‌లో రెంచ్ గుర్తు కింద పాజ్డ్ రిజల్యూషన్‌ను ఫుల్‌లో ఉంచండి. ఆడేటప్పుడు మసకగా ఉన్నా ఆపగానే బొమ్మ స్పష్టంగా వస్తుంది.

రెండో బరువు ఫైళ్లను విప్పడం, అంటే డీకోడ్ చేయడం. ఫోన్లు, కెమెరాలు, స్క్రీన్ రికార్డర్లు ఎక్కువగా హెచ్.264, హెచ్.265 అనే పద్ధతుల్లో కుదించిన ఫైళ్లు ఇస్తాయి. వాటిలో ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండదు. అక్కడొకటి అక్కడొకటి పూర్తి ఫ్రేములుంటాయి, వాటి మధ్యలో మార్పులు మాత్రమే దాచి ఉంటాయి. ఒక మధ్య ఫ్రేమ్ చూపించాలంటే ముందున్న పూర్తి ఫ్రేమ్ నుంచి మొదలుపెట్టి విప్పుకుంటూ రావాలి. స్క్రీన్ రికార్డింగుల్లో ఈ ఎడం మరీ ఎక్కువ. బాగా వాడుకలో ఉన్న ఎక్స్264 ఎన్‌కోడర్ డిఫాల్ట్‌గా రెండు పూర్తి ఫ్రేముల మధ్య 250 ఫ్రేముల వరకు వదలగలదు, అంటే 30 ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకు 30 ఫ్రేములు) 8 సెకన్లకు పైనే. మీ టైమ్‌లైన్‌లో అలాంటి ఫైళ్లు రెండు ఒకేసారి ఆడాలి. ప్లేబ్యాక్ రిజల్యూషన్ పావుకు తగ్గించినా ఈ విప్పే పని పెద్దగా తగ్గదు. రిజల్యూషన్ తగ్గించినా నత్తనడకే అనిపిస్తోందంటే బరువు ఇక్కడుందన్నమాట. దీనికి మందు ప్రాక్సీలు.

ప్రాక్సీ అంటే ఎడిటింగ్ వరకు వాడుకునే తేలికైన నకలు. ప్రీమియర్‌లో ప్రాజెక్ట్ ప్యానెల్‌లో క్లిప్పుల మీద రైట్ క్లిక్ చేసి ప్రాక్సీ, క్రియేట్ ప్రాక్సీస్ ఎంచుకోండి. అక్కడ హెచ్.264 కాకుండా క్విక్‌టైమ్, ప్రోరెస్ ప్రాక్సీ తీసుకోండి. ప్రోరెస్‌లో ప్రతి ఫ్రేమూ దేనికదే పూర్తిగా ఉంటుంది కాబట్టి ఎక్కడికి దూకినా వెంటనే కనిపిస్తుంది. చోటు మాత్రం ఎక్కువే పడుతుంది. 1920×1080, 30 ఎఫ్‌పీఎస్‌లో ప్రోరెస్ ప్రాక్సీ సెకనుకు దాదాపు 45 మెగాబిట్లు, గంటకు దాదాపు 20 జీబీ. సగం సైజులో చేసుకుంటే అంతకన్నా బాగా తగ్గుతుంది. తర్వాత ప్రోగ్రామ్ మానిటర్ కుడి కింది ప్లస్ గుర్తు నొక్కి టాగుల్ ప్రాక్సీస్ బటన్‌ను కిందికి లాగి పెట్టుకోండి. అది నీలంగా ఉంటే ప్రాక్సీలు ఆడుతున్నట్టు. రిజాల్వ్‌లో మీడియా పూల్‌లో రైట్ క్లిక్ చేసి జెనరేట్ ప్రాక్సీ మీడియా. కేడెన్‌లైవ్‌లో ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ ఆన్ చేసి, క్లిప్ మీద రైట్ క్లిక్‌తో ప్రాక్సీ క్లిప్ ఎంచుకోవాలి. మూడింటిలోనూ, మీరు కావాలని ప్రాక్సీలు వాడమంటే తప్ప, ఎక్స్‌పోర్ట్ అసలు ఫైళ్ల నుంచే జరుగుతుంది.

ప్రాక్సీలతో రెండు జాగ్రత్తలు. నకలు వెడల్పు ఎత్తుల నిష్పత్తి అసలు దానితో సమానంగా ఉండాలి, లేకపోతే మీరు లెక్కపెట్టి కూర్చోబెట్టిన చిన్న బొమ్మ ఆకారం మారుతుంది. రెండోది, పారదర్శకత ఉన్న లోగోకు, యానిమేషన్‌కు హెచ్.264 ప్రాక్సీ చేయకండి. ఆ ఫార్మాట్ ఫైలులో మామూలుగా పారదర్శకత నిలవదు. లోగో వెనక నల్ల పెట్టె కనిపించి, కింది లేయర్లు మళ్లీ మాయమైపోయాయని కంగారు పడతారు.

ప్రీమియర్ టైమ్‌లైన్ పైన కనిపించే రంగు గీతల గురించి కూడా ఒక మాట. పసుపు గీత ఉంటే రెండర్ చేయకుండానే (లేయర్లను ముందే కలిపి ఫైల్‌గా దాచకుండానే) ఆడగలదని అర్థం, ఎరుపు ఉంటే తడబడవచ్చని, ఆకుపచ్చ ఉంటే రెండర్ చేసిన ఫైల్ సిద్ధంగా ఉందని. పసుపును చూసి భయపడి ప్రతిసారీ ఎంటర్ కొట్టి రెండర్ చేయకండి. రెండర్ చేసిన చోట లోగోను ఒక్క పిక్సెల్ జరిపినా ఆ భాగం మళ్లీ మొదటికొస్తుంది. చోటు, సైజు, రంగు ఖరారయ్యాక, సింక్ (మాటా పెదవీ కలవడం) చూడాల్సిన భాగానికి మాత్రం ఐ, ఓ నొక్కి హద్దులు పెట్టి, సీక్వెన్స్ మెనూలో రెండర్ ఇన్ టు అవుట్ ఇవ్వండి. కేడెన్‌లైవ్‌లో ఆ భాగాన్ని ప్రివ్యూ జోన్‌గా చేర్చి షిఫ్ట్, ఎంటర్ నొక్కితే ఎరుపు గీత ఆకుపచ్చ అవుతుంది. రిజాల్వ్‌లో ప్లేబ్యాక్ మెనూలో రెండర్ క్యాష్‌ను స్మార్ట్‌లో ఉంచితే, మీరు చేయి తీసిన కొన్ని సెకన్లకు తానే మొదలుపెడుతుంది, గీత ఎరుపు నుంచి నీలానికి మారుతుంది. వీటన్నిటికన్నా ముందు ప్రీమియర్‌లో ప్రాజెక్ట్ సెట్టింగ్స్, జనరల్‌లో రెండరర్ దగ్గర ‘సాఫ్ట్‌వేర్ ఓన్లీ’ అని ఉందేమో చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉండి కూడా అలా ఉంటే జీపీయూ యాక్సిలరేషన్‌కు మార్చండి. లేయర్లను కలిపే బరువు దానిమీదికి వెళుతుంది.

ఇప్పుడు మాట, పెదవి. ఫ్రేములు జారిపోతున్న ప్రివ్యూలో సింక్ గురించి ఏ నిర్ణయమూ తీసుకోకండి. కంప్యూటర్‌కు ఊపిరాడనప్పుడు శబ్దాన్ని ఆపదు, బొమ్మనే వదిలేస్తుంది. అందుకే టైమ్‌లైన్‌లో అంతా సరిగ్గా ఉన్నా పెదాలు వెనకబడినట్టు కనిపిస్తాయి. మీరు నమ్మి క్లిప్ జరిపితే, బాగున్నది నిజంగానే తప్పుతుంది. ప్రీమియర్‌లో రెంచ్ గుర్తు కింద షో డ్రాప్డ్ ఫ్రేమ్ ఇండికేటర్ పెట్టుకోండి. ఆ చుక్క ఆకుపచ్చగా ఉన్నంతసేపు చూసింది నమ్మవచ్చు, పసుపు అయితే నమ్మవద్దు. రిజాల్వ్‌లో వ్యూయర్ పైన ఎఫ్‌పీఎస్ అంకె పక్కన చుక్క ఎర్రబడుతుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తీసేసి వైరున్నవి పెట్టుకోండి, బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది.

మాట రెండుసార్లు వినిపించడానికి కారణం, మీ గొంతు కెమెరాలోనూ స్క్రీన్ రికార్డింగ్‌లోనూ రికార్డ్ కావడం. బొమ్మలైతే పైది కిందిదాన్ని కప్పేస్తుంది, శబ్దానికి ఆ నియమం లేదు. అన్ని ఆడియో ట్రాకులూ కలిసే వినిపిస్తాయి. రెండిట్లో ఒకటే ఉంచుకోవాలి. అయితే వెంటనే రెండోదాన్ని డిలీట్ చేయకండి, సింక్ చేయడానికి అదే ఆధారం. ప్రీమియర్ టైమ్‌లైన్‌లో రెండు క్లిప్పులనూ ఎంచుకుని రైట్ క్లిక్, సింక్రొనైజ్, ఆడియో ఇవ్వండి. కేడెన్‌లైవ్‌లో ఒకదాన్ని సెట్ ఆడియో రిఫరెన్స్ చేసి, రెండోదానికి అలైన్ ఆడియో టు రిఫరెన్స్ ఇవ్వాలి. రిజాల్వ్‌లో టైమ్‌లైన్ మీద క్లిప్పులు ఎంచుకుని వేవ్‌ఫామ్ (శబ్దపు తరంగాల గీత) ఆధారంగా ఆటో అలైన్ చేయవచ్చు. అది కుదరకపోతే వేవ్‌ఫామ్ పెద్దది చేసి, ప, బ లాంటి పెదాలు మూసి తెరిచే అక్షరం దగ్గరో, చప్పట్ల దగ్గరో రెండు శిఖరాలనూ కలపండి. ప్రీమియర్‌లో ఆల్ట్‌తో బాణం గుర్తులు, రిజాల్వ్‌లో కామా, ఫుల్‌స్టాప్ నొక్కితే క్లిప్ ఒక్కో ఫ్రేమ్ జరుగుతుంది. 30 ఎఫ్‌పీఎస్‌లో ఒక ఫ్రేమ్ అంటే 33 మిల్లీసెకన్లు. అందుకే ఫ్రేముల లెక్కన ఎంత జరిపినా రెండు మైకుల శబ్దం పూర్తిగా ఒకటి కాదు, డొల్లగా వినిపిస్తూనే ఉంటుంది. కలిపాక, నాణ్యత తక్కువున్న ట్రాక్‌ను దాని పక్కనున్న మ్యూట్ గుర్తు నొక్కి ఆపేయడమే దారి.

ఎంత తేడా వరకు ఫర్వాలేదు? అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫార్సు బీటీ.1359 ప్రకారం, శబ్దం బొమ్మకన్నా 45 మిల్లీసెకన్ల దాకా ముందొచ్చినా, 125 మిల్లీసెకన్ల దాకా వెనకబడినా సాధారణంగా పసిగట్టలేరు. అంటే మాట ముందు రావడాన్నే కన్ను తొందరగా పట్టేస్తుంది. అనుమానంగా ఉన్నప్పుడు శబ్దాన్ని ఒక ఫ్రేమ్ వెనకే ఉంచండి.

మొదట్లో కలిసి, పది నిమిషాలు గడిచేసరికి తప్పుతోందంటే జరిపి లాభం లేదు. ఫోన్లు, కొన్ని స్క్రీన్ రికార్డర్లు సెకనుకు ఒకచోట 30, ఇంకోచోట 27 ఫ్రేములు అన్నట్టు వేగం మారుస్తూ రికార్డ్ చేస్తాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని ఒకే వేగంగా చదవబోయి మెల్లగా పక్కకు జారుతుంది. అందుకే సింక్‌ను ఎప్పుడూ రెండు చోట్ల చూడాలి, మొదటి నిమిషంలో ఒకసారి, చివరి నిమిషంలో ఒకసారి. జారుతోందని తేలితే ఆ ఫైల్‌ను హ్యాండ్‌బ్రేక్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకుని మార్చి, కొత్త ఫైల్‌తో మళ్లీ మొదలుపెట్టండి. ఎడిటింగ్ సగం అయ్యాక ఫైల్ మార్చితే కట్లన్నీ కదులుతాయి కాబట్టి ఈ పరీక్ష పని ప్రారంభంలోనే చేసుకోవడం మంచిది.

ఒకే క్లిప్‌కు రెండు రూపాలు, ఉదాహరణకు రంగు సరిచేసినదీ చేయనిదీ, ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడటానికి బ్లెండ్ మోడ్‌ను డిఫరెన్స్ చేయండి. రెండూ అచ్చంగా కలిసిన చోట తెర నల్లబడుతుంది, తేడా ఉన్నచోట బొమ్మ అంచులు మెరుస్తాయి. ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ వెళితే నలుపు గట్టిపడిన చోటే సరైన చోటు. మీ కెమెరా, స్క్రీన్ రికార్డింగ్‌లకు ఇది పనికిరాదు, అవి వేర్వేరు బొమ్మలు కదా. కానీ పాత ఎక్స్‌పోర్ట్‌ను కొత్త టైమ్‌లైన్‌తో పోల్చి ఏం మారిందో చూడటానికి దీన్ని మించినది లేదు.

ట్రాకులన్నీ పక్కపక్కన చూడాలంటే కేడెన్‌లైవ్‌లో మానిటర్ మెనూలో మల్టీట్రాక్ వ్యూ ఉంది, తెరను గళ్లుగా విడదీసి ఒక్కో ట్రాక్‌ను ఒక్కో గడిలో చూపిస్తుంది. కింద ఏముందో చూడటానికి కన్ను గుర్తులు ఆపీ తెరిచీ అలసిపోనక్కర్లేదు. ఒకే సన్నివేశాన్ని రెండు మూడు కెమెరాలతో తీసి ఉంటే మాత్రం లేయర్లుగా పేర్చకుండా, ప్రీమియర్‌లో గానీ రిజాల్వ్‌లో గానీ మల్టీక్యామ్ (కెమెరాలను మార్చి మార్చి ఎంచుకునే పద్ధతి) వాడండి.

చివరిగా లోగో అంచు. దీన్ని పరీక్షించేటప్పుడు ప్లేబ్యాక్ రిజల్యూషన్ ఫుల్‌లో ఉంచి, మానిటర్ జూమ్ 200 చేయండి. పావు రిజల్యూషన్‌లో ఏ అంచైనా గరుకుగానే కనిపిస్తుంది. లోగో కింద తాత్కాలికంగా కొట్టొచ్చినట్టుండే గులాబీ రంగు పొర వేయండి. ప్రీమియర్‌లో కలర్ మ్యాట్, రిజాల్వ్‌లో సాలిడ్ కలర్, కేడెన్‌లైవ్‌లో కలర్ క్లిప్. నల్ల అంచు నిజంగా ఉందా, లేక స్క్రీన్ రికార్డింగ్‌లోని నల్ల గీతలే అలా అనిపించాయా అన్నది వెంటనే తెలుస్తుంది. అంచు ఉంటే రెండు కారణాలుండొచ్చు. లోగో యానిమేషన్ .mov ఫైల్ అయితే, పారదర్శకతను నలుపుతో ముందే కలిపి సేవ్ చేసిన ఫైల్‌ను సాఫ్ట్‌వేర్ కలపనిదానిలా చదువుతుండవచ్చు. రిజాల్వ్‌లో క్లిప్ ఆట్రిబ్యూట్స్‌లో ఆల్ఫా (అంటే పారదర్శకత) మోడ్‌ను ప్రీమల్టిప్లైడ్‌కు మార్చి చూడండి. ప్రీమియర్‌లో ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌లోని ఆల్ఫా భాగంలో అదే పని జరుగుతుంది. లోగో పీఎన్‌జీ అయితే ఈ మార్పు పనిచేయదు. ఆ ఫార్మాట్ నియమాల ప్రకారం రంగూ పారదర్శకతా విడివిడిగానే ఉంటాయి. కాబట్టి నల్ల నేపథ్యం మీదున్న లోగోను ఎవరో కత్తిరించి సేవ్ చేసి ఉంటారు, అంచు పిక్సెళ్లలో ఆ నలుపు మిగిలిపోయింది. ఎడిటింగ్‌లో దాన్ని గీకడానికి గంటలు పోగొట్టుకోకుండా, అసలు డిజైన్ ఫైల్ నుంచి నేపథ్యం లేకుండా మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయించండి. తెర మీద 200 పిక్సెళ్లే కనిపించే లోగోకు 6000 పిక్సెళ్ల ఫైల్ వద్దు, 400 పిక్సెళ్లు చాలు.

పూర్తి వీడియో ఎక్స్‌పోర్ట్ ఇచ్చేముందు మూడు లేయర్లూ ఉన్నచోట, చివరి నిమిషంలో ఒక 10 సెకన్లకు ఐ, ఓ పెట్టి ఆ ముక్క ఒక్కటే ఎక్స్‌పోర్ట్ చేయండి. ట్రాకుల కన్ను గుర్తులన్నీ తెరిచి ఉన్నాయా, ఒపాసిటీ 100 ఉందా, గులాబీ పొర తీసేశారా అని చూసుకున్నాకే ఇది చేయాలి. ఆ ముక్కను ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కాకుండా వీఎల్‌సీ లాంటి ప్లేయర్‌లో తెరిచి, ఒకసారి బొమ్మ కోసం, ఒకసారి కళ్లు మూసుకుని శబ్దం కోసం చూడండి. అక్కడ అంతా సరిగ్గా ఉంటే ఐ, ఓ గుర్తులు తీసేసి మొత్తం వీడియోకు ఎక్స్‌పోర్ట్ ఇవ్వండి. గుర్తులు అలాగే ఉంటే ఆ 10 సెకన్లే మళ్లీ వస్తాయి.